వెయ్యేళ్ల వాయిదా

తనకు అప్పు ఎందుకు పుట్టడం లేదో తెలుసుకోవడానికి కొప్పిశెట్టి వరహాలు తనను తానే చాటుగా చూడాల్సి వచ్చింది. చూసింది. పది నిమిషాలు తిరక్కుండానే కుర్చీలోంచి లేచి, తెర వైపు వేలు చూపించి, "ఆ మనిషికి మతిపోయిందేంటి?" అంది.

"ఎవరికి?" అని అడిగింది డాక్టర్ శ్రుతకీర్తి.

"ఆ వచ్చినోడికి. నాక్కాదు."

ఆ పది నిమిషాల దాకా రావాలంటే అంతకు ముందు జరిగింది చెప్పాలి.

ఆ ఉదయం రాజమండ్రిలోని ప్రతిరూప కేంద్రంలో వరహాలు చేతికి ఒక కాగితం ఇచ్చారు. దాని మీద 312 అని ఉంది. అప్పు ఇవ్వడానికి బ్యాంకు అడిగేది 700.

పాత ఖాతాలు తిరగేసి స్కోరు వేసే రోజులు పోయాయి. ఇప్పుడు మనిషి తలకు మెత్తటి టోపీ పెట్టి మూడు పూటలు కూర్చోబెడుతున్నారు. ఆ మనిషి అలవాట్లు, భయాలు, ఖర్చుపెట్టే తీరు, మాట నిలబెట్టుకునే తీరు అన్నీ తీసుకుని యంత్రం లోపల ఒక నీడను తయారుచేస్తుంది. ఆ నీడకు ఒక ఊరు, ఒక వ్యాపారం, నెత్తిన ఒక అప్పు ఇచ్చి ఏడాది బతకమంటారు. ఒకసారి కాదు, వెయ్యిసార్లు. ప్రతిసారీ వానలు, ధరలు, జబ్బులు మారిపోతుంటాయి. గంటన్నరలో వెయ్యేళ్లు గడిచిపోతాయి. అందులో ఎన్నేళ్లు ఒక్క వాయిదా కూడా ఆలస్యం కాకుండా కట్టిందో, అదే స్కోరు.

వరహాలు నీడ ఆరువందల ఎనభై ఎనిమిదేళ్లు తప్పింది.

"ఎక్కడ తప్పానమ్మా?" అని అడిగింది వరహాలు.

"అది చెప్పరక్కా. అంకె ఒక్కటే ఇస్తరు." నీడల విభాగం చూసేది శ్రుతకీర్తే. ముప్పై ఏళ్లుంటాయి, సొంతూరు సిద్దిపేట.

"చూడ్డానికి వీల్లేదా?"

"హక్కయితే ఉన్నది. రూల్సు పుస్తకంల పదిహేడో పేజీల రాసి ఉంటది. ఇప్పటిదాంక ఎవ్వరూ అడగలే."

"నేనడుగుతున్నాను కదా."

అడక్క తప్పదు. రావులపాలెంలో మూతబడిన రైసుమిల్లు గోడౌనే వరహాలు వంటశాల. ఆవిడ పెళ్లివంటల మేస్త్రి. కింద ఇరవై ఇద్దరు పనిచేస్తారు. ఆ గోడౌను ఆసామి రాజుగారు దాన్ని అమ్మేస్తున్నారు. లారీల కంపెనీవాళ్లు డబ్బు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "ఏమ్మా వరహాలూ, వాళ్లకివ్వడం నాకూ ఇష్టం లేదు. నెలాఖరు దాకా ఆగుతాను. ఆపైన మాత్రం నన్ననకు" అన్నారాయన. నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులుంది. గోడౌను పోతే ఇరవై రెండు పొయ్యిలు, ఇరవై రెండు కుటుంబాలు తలో దిక్కు.

స్కోరు తక్కువైనా వరహాలు ఎప్పుడూ ఎవరికీ రూపాయి ఎగ్గొట్టలేదు. ఆలస్యాలున్నాయి, అంతే. అవి కూడా ఎలా వచ్చాయంటే, పెళ్లిళ్ల కాలంలో చేతినిండా డబ్బున్నప్పుడు మూడు నెలల వాయిదాలు ఒక్కసారే కట్టేసేది. తరువాత వచ్చే ఖాళీ నెలలకు అవి సరిపోతాయనుకుని నిశ్చింతగా పడుకునేది. బ్యాంకు యంత్రం మాత్రం ఆ డబ్బును అసలుకు జమ చేసుకుని, వచ్చే నెల వాయిదా కట్టలేదని ఎర్రగీత పెట్టేది. అయిదేళ్లలో పద్నాలుగు ఎర్రగీతలు. ముందుగా కట్టినందుకు ఆలస్యంగా కట్టిన మనిషి అయిపోయింది.

ఏడాది కిందట సంగతి తెలిశాక దిద్దుబాటు మొదలుపెట్టింది. డిపాజిట్టు చూపించి చిన్న అప్పు తీసుకుని, ప్రతి అయిదో తారీఖునా పొద్దున్నే కట్టేది. పది నెలలు తప్పకుండా కట్టి మళ్లీ టోపీ పెట్టించుకుంటే, పాత స్కోరు ఇరవై అయిదే పెరిగి 312 అయింది. ఈ లెక్కన ఏడువందలకు చేరేసరికి ఆమెకు అరవై దాటుతాయి.

శ్రుతకీర్తి ఒక తప్పిన ఏడాదిని తీసి, నెమ్మదిగా నడిచేలా తెర మీద పెట్టింది.

గోడౌను కనబడింది. గుమ్మంలో ముక్కాలిపీట మీద వరహాలు నీడ కూర్చుని ఉంది. అదే నేత చీర, అదే కళ్లజోడు. పక్కనే కూరగాయలు తరిగే ముసలి తాతబ్బాయి వంకాయలు లెక్కపెడుతున్నాడు. ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు.

"అమ్మగారూ, పదిహేనో తారీఖున మా అమ్మాయి పెళ్లి. అయిదొందల మందికి భోజనాలు."

"పదిహేనా?" నీడ కళ్లజోడు సర్దుకుని గోడమీది పంచాంగం చూసింది. "ఎవరండీ ఈ ముహూర్తం పెట్టింది?"

"మేమే అనుకున్నాం."

"శుక్రమూఢం నడుత్తుంది బాబూ. పిల్లల జీవితం కదా. నెలన్నర ఆగి రండి, గుత్తివంకాయ నేనే దగ్గరుండి చేయిత్తాను. ఒరే, బాబుగారికి మజ్జిగ ఇవ్వండ్రా."

బాబుగారు మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. తెర మీది ఈ మనిషిని చూసే వరహాలు లేచి వేలు చూపించింది. అతని వెనకే ఇంకొకడు వచ్చాడు. ఆపైన మరొకడు. ఆ నెలన్నరలో తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదిమందీ మజ్జిగ తాగి వెళ్లారు. పదోవాడు వచ్చేసరికి నీడ తాతబ్బాయి వైపు తిరిగి, "బాబాయ్, ఊరందరికీ ఒకేసారి పురుగు కుట్టిందా ఏంటి?" అంది.

"ఇంటికొచ్చిన బేరాన్ని ఎందుకు పంపిస్తున్నవక్కా?" అంది శ్రుతకీర్తి. "నాకు సమజ్ కాలే."

"మూఢంలో పెళ్లేంటమ్మా? రేపు ఆ పిల్లకి తలనొప్పొచ్చినా నా పప్పులో ఉప్పే కారణమంటారు. అయినా ఎవరు చేసుకుంటారు? పందొమ్మిదేళ్లలో మూఢంలో ఒక్కడూ నా గుమ్మం తొక్కలేదు."

శ్రుతకీర్తి కాసేపు మీటలు నొక్కుతూ కూర్చుంది. తరువాత నుదురు కొట్టుకుంది. యంత్రం దేశమంతటి పెళ్లిళ్లనూ పన్నెండు నెలలకు సమంగా పంచేసింది. మూఢం ఏటా ఒకే నెలలో రాదు. ఒక ఏడు మాఘంలో, ఒక ఏడు జ్యేష్ఠంలో, ఒక్కోసారి ఏడాదికి రెండుసార్లు. అందుకని అది యంత్రానికి అంతుపట్టలేదు. యంత్రం లోపలి లోకానికి పంచాంగం తెలియదు, నీడకు తెలుసు. తెలిసిన పాపానికి అది వెయ్యేళ్లుగా బేరాలన్నీ వెనక్కి పంపుతోంది.

"మూఢం నాకు యాదికి రాలేదని మా అమ్మకు తెలిస్తే సంపుతది నన్ను" అంది శ్రుతకీర్తి. "నా పెండ్లి రిజిస్టరాఫీసుల అయింది. సెలవు దొరికిన దినం చేసుకున్న."

తెర మీద అయిదో తారీఖు వచ్చింది. నీడ చేతి గాజులు తీసి కొంగున కట్టుకుని తాకట్టు కొట్టుకు నడిచింది. బ్యాంకు కిటికీ దగ్గరకు చేరేసరికి ఆరో తారీఖు. కిటికీ ముందు డబ్బు పట్టుకుని నిలబడిన మనిషి అలాగే ఆగిపోయింది. తెర నల్లబడింది.

"అదేంటి?"

"వాయిదా తప్పంగనే ఆ ఏడాది ఖతం. మళ్లీ మొదటి నుంచి."

వరహాలు నల్లటి తెర చూస్తూ తన గాజులు తడుముకుంది. "అంటే ఆరువందల ఎనభై ఎనిమిదిసార్లు గాజులు తీసిందన్నమాట" అంది.

మర్నాడు ఆమె వెంట భర్త చంద్రరావు కూడా వచ్చాడు. సరుకుల లారీ నడిపేది ఆయనే. శ్రుతకీర్తి ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక మార్గం చెప్పింది. నీడలోంచి మూఢం పట్టింపు ఒక్కటి తీసేయవచ్చు. దాన్ని సవరణ అంటారు, చాలామంది చేయించుకుంటారు, తప్పేమీ కాదు. చేసి చూపించింది కూడా. గంటన్నర తరువాత అంకె పడింది. 791.

తెర మీద నీడ మూఢంలో చకచకా పెళ్లిళ్లు ఒప్పుకుంటోంది. నాలుగో తారీఖుకే వాయిదా కట్టేస్తోంది. చంద్రరావు ముఖం వెలిగిపోయింది.

"ఇంకేంటి, సంతకం పెట్టెయ్ వరాలూ. మధ్యాన్నానికి బ్యాంకుకెళ్లిపోదాం."

"ఏవయ్యా, అప్పు ఎవరికిత్తారు? ఆవిడకా, నాకా?"

"నీకే."

"తీర్చేది?"

"నువ్వే."

"మరి మూఢంలో ఆవిడకొచ్చిన బేరాలు నాకెవడిత్తాడు? ఆవిడూళ్లో మూఢంలో పెళ్లిళ్లవుతాయి. మనూళ్లో అవవు. మొదటి మూఢానికే పదిహేనో ఎర్రగీత పడుద్ది. అప్పుడు గోడౌనుతోపాటు ఇల్లు కూడా పోద్ది."

"అదప్పుడు చూసుకుందాం. నెలాఖరు పది రోజుల్లో ఉంది."

"అప్పుడు చూసుకుందామన్న వాళ్లందరూ అప్పుడు ఏం చూత్తున్నారో ఈ పిల్లనడుగు."

చంద్రరావు అడగలేదు కానీ శ్రుతకీర్తి జవాబు చెప్పింది. సవరణ చేయించుకున్నవాళ్లలో సగంమంది రెండేళ్లలో మళ్లీ ఇదే కుర్చీలోకి వస్తున్నారని.

"మనిషిని కోత్తున్నారు సరే, ఊరిని దిద్దడానికి వీల్లేదా?" అంది వరహాలు.

శ్రుతకీర్తి రూల్సు పుస్తకం తెప్పించి చదివింది. "ఉన్నది. లెక్కలు తెచ్చిస్తే నీడ బతికే లోకాన్ని సరిచేయొచ్చు. ఆ అధికారం నాకే ఉన్నది." పుస్తకం మూసింది. "ఎవరూ తేరు అక్కా. మనిషిని మార్చుడే అల్కగుంటది, గంటన్నర పని."

మూడో రోజు పొద్దున సరుకుల లారీ వచ్చి ప్రతిరూప కేంద్రం ముందు ఆగింది. అందులోంచి పందొమ్మిదేళ్ల పెళ్లి పుస్తకాలు దిగాయి. ఏ రోజు ఎవరి పెళ్లి, ఎన్ని విస్తళ్లు, ఏం వండారు, అన్నీ నూనె మరకలతో సహా వాటిలో ఉన్నాయి. పందొమ్మిది పంచాంగాలు దిగాయి. పనివాళ్లు పన్నెండుమంది దిగారు. వాళ్ల వెనక ఒక డేగిశా నిండా పులిహోర, రెండు బుట్టల పూతరేకులు దిగాయి. గేటు దగ్గర కాపలావాడు ఇది ఆఫీసని చెప్పబోయాడు. చేతిలో పూతరేకు పెట్టేసరికి నోరు దానికి అవసరమైంది.

రెండు రోజులు ఆ గదిలో పుస్తకాలు చదవడం, మీటలు నొక్కడం తప్ప ఇంకో పని లేదు. ఒకరు తిథి చదివితే ఒకరు పెళ్లి చదివేవారు.

"ఫాల్గుణ శుద్ధ దశమి, మండపేట కోళ్లఫారం వాళ్లది, పన్నెండొందల విస్తళ్లు."

"అదేరా, సాంబారులో తాతబ్బాయి కళ్లజోడు పడింది."

"పడలేదు" అన్నాడు తాతబ్బాయి మూలనుంచి. "పడిందనుకున్నారు. అది జేబులో ఉంది."

"ఇది కూడా రాయాల్నా?" అని అడిగింది శ్రుతకీర్తి నవ్వాపుకుంటూ.

"రాయండమ్మా, లోకం కదా" అన్నారు అందరూ.

శ్రుతకీర్తి కింద పనిచేసేవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. రెండో రోజు సాయంత్రానికి యంత్రం లోపలి ఊరికి మూఢం వచ్చింది, ఆషాఢం వచ్చింది. శ్రావణంలో ఒకే రోజు నాలుగు పెళ్లిళ్లు మీదపడి వంటవాళ్లు దొరక్క తిట్టుకోవడం కూడా వచ్చింది. వెయ్యేళ్లు నడిపారు. అందరూ తెర ముందు కిక్కిరిసి నిలబడ్డారు.

538.

చంద్రరావు భార్య వైపు చూసి, పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాడు.

వరహాలు మాత్రం కూర్చుంది. "తప్పినవి చూశాను. ఇప్పుడు తప్పనివి చూపించు. అయిదొందల ముప్పై ఎనిమిదేళ్లు ఎలా కట్టిందో నాక్కావాలి. నాకు చేతకానిది దానికెలా చేతనయిందో చూత్తాను."

శ్రుతకీర్తి ఒక మంచి ఏడాది తీసింది. తరువాత ఇంకొకటి. తరువాత వరసగా పది. ఒక్కసారిగా ముందుకు వంగింది.

"అన్నిట్ల మన తాతే కనబడుతున్నడేంది?"

తెర మీద శ్రావణం అయిపోయింది. నీడ చేతిలో పెళ్లిళ్ల డబ్బుంది. దాన్ని తీసుకుని బ్యాంకుకు వెళ్లలేదు. గోడౌను వెనక్కి వెళ్లింది. మూడు వాయిదాల డబ్బు లెక్కపెట్టి తాతబ్బాయి చేతిలో పెట్టింది. "బాబాయ్, ఇది మూఢం డబ్బు. నెలకొకటి చొప్పున నాలుగో తారీఖునే ఇవ్వాలి. మధ్యలో నేనడిగినా ఇవ్వకు" అంది. ముసలాయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, "ఒకటి చిరిగింది. మార్చియ్యి" అన్నాడు.

గదిలో పకపకలు మొదలయ్యాయి. ఎందుకంటే తాతబ్బాయి సంగతి వాళ్లందరికీ తెలుసు. వంకాయలు లెక్కపెట్టి దింపుకుంటాడు, లెక్కపెట్టి తరుగుతాడు, తొడిమలు కూడా లెక్కపెడతాడు. ఆయన దగ్గర కొత్తిమీర కట్ట అప్పు పుట్టించినవాడు ఇంతవరకు లేడు.

శ్రుతకీర్తి లెక్క తీసింది. "మంచి ఏండ్లల్ల నాలుగువందల పది ఈయన చేతుల మీదనే తేలినయ్."

తాతబ్బాయి లేచి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, నడుం సగం వంగి ఉంటుంది. "నాలుగువందల పదేళ్లు కాపలా కాశానా?" అన్నాడు.

"కాసినవ్ తాతా."

"మరి కూలీ?"

ఈసారి శ్రుతకీర్తి కూడా బల్లమీద తల పెట్టుకుని నవ్వింది.

వరహాలు నవ్వలేదు. ఆమె బుర్రలో వేరే పని నడుస్తోంది. "ఆవిడకి ఆ ఆలోచన కొన్నేళ్లే వచ్చింది. అన్నేళ్లూ రావాలంటే?"

"నువ్వు అనుకుంటే చాలదక్కా. అనుకున్నది టోపీకి అందదు, చేసిన పనే అందుతది. నిజంగ చేసి, మళ్లా మూడు పూటలు కూర్చోవాలె. కొత్త నీడ తయారైతది."

"ఏవయ్యా, లారీ తియ్యి."

కిందటి వారం పెళ్లిళ్ల డబ్బు ఇంట్లోనే ఉంది. లారీకి కొత్త టైర్లు వేయించాలని చంద్రరావు నాలుగు నెలలుగా దాని కోసమే ఎదురుచూస్తున్నాడు. వరహాలు బీరువా తీసింది. ఆయన గుమ్మంలో నిలబడి కొంచెంసేపు చూశాడు. తరువాత తనే లోపలికొచ్చి, నోట్లలో చిరిగినవాటిని ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. "ముసలోడు మళ్లీ తిప్పి పంపిత్తాడు" అన్నాడు. టైర్ల మాట ఎత్తలేదు.

మూడు వాయిదాల డబ్బు తాతబ్బాయి చేతికి వెళ్లింది. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి, మంచం కింది ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. "నువ్వు కాళ్లు పట్టుకున్నా ఇవ్వను" అని వరహాలుకు చెప్పాడు. మాట ఇస్తున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టు ఉంది.

వరహాలు మళ్లీ టోపీ పెట్టుకుని మూడు పూటలు కూర్చుంది. ఇరవై తొమ్మిదో తారీఖు పదకొండు గంటలకు కొత్త నీడను వదిలారు. పన్నెండున్నరకు అంకె పడింది.

742.

చంద్రరావు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. వరహాలు మాత్రం, "తప్పిన రెండొందల యాభై ఎనిమిదేళ్లు ఏమయ్యాయి?" అని అడిగింది.

"చూస్తవా?"

చూసింది. ఒక ఏడాది గోదారి గట్టు తెగి గోడౌనులో నడుంలోతు నీళ్లు. ఒక ఏడాది చంద్రరావుకు కాలు విరిగింది. ఒక ఏడాది తాతబ్బాయే లేడు. వరహాలు ఊపిరి వదిలింది. "ఇవి నావి కాదులే" అంది. చాలా ఏళ్లకు భుజాలమీంచి ఏదో దించినట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంకొక్క పని ఉన్నదక్కా" అంది శ్రుతకీర్తి. "స్కోరు అచ్చయినంక నీడను చెరిపేయాలె. రూలు."

"ఆవిడకి తెలుస్తుందా?"

"తెలవదంటరు పెద్దలు. నేనైతే ప్రతిసారి కొంచెంసేపు ఆగి నొక్కుత."

వరహాలు లేచి తెర దగ్గరకు వెళ్లింది. "ఏ రోజు దగ్గర ఆపాలో మనం చెప్పుకోవచ్చా?"

"చెప్పుకోవచ్చు."

"శ్రావణంలో పెద్ద పెళ్లి ఒకటి చూడు. ఆఖరి పంక్తి లేచిపోయాక, మావాళ్లందరూ చేతులు కడుక్కుని విస్తళ్లు వేసుకుంటారే, ఆ వేళ."

శ్రుతకీర్తి వెతికి పట్టుకుంది. తెర మీద సాయంత్రపు ఎండ. ఇరవై ఇద్దరు వరసగా కూర్చున్నారు. నీడ చీర కుచ్చెళ్లు దోపుకుని గరిటెతో వడ్డిస్తోంది, ఎవరినో ఆటపట్టిస్తోంది. తనకంటూ ఆఖరున విస్తరి వేసుకుని కూర్చుంది. పప్పు, గుత్తివంకాయ, పెరుగు. పెరుగన్నం దాకా తిననిచ్చి శ్రుతకీర్తి మీట నొక్కింది.

ముప్ఫయ్యో తారీఖున బ్యాంకు అప్పు మంజూరైంది. ఆ మధ్యాహ్నమే రాజుగారు సంతకం పెట్టారు. "లారీలవాళ్లకి ఏం చెప్పమంటావు?" అని నవ్వారు. "ఆకలేత్తే రమ్మని చెప్పండి" అంది వరహాలు.

గోడౌను సొంతమయ్యాక మొదటి మూఢం మార్గశిరంలో వచ్చింది. పొయ్యిలు ఆరాయి. మొదటి రెండు వాయిదాలూ నాలుగో తారీఖునే చేతికి వచ్చి, అయిదో తారీఖు పొద్దున్నే బ్యాంకులో పడ్డాయి. మూడో నెల ఒకటో తారీఖున రాజమండ్రిలో ఒక హోటలు మూసేస్తున్నారని, పెద్ద గ్రైండరు సగం ధరకే ఇస్తున్నారని కబురొచ్చింది. అటువంటి గ్రైండరు కోసం వరహాలు ఆరేళ్లుగా కలలు కంటోంది. నేరుగా గోడౌను వెనక్కి వెళ్లింది.

"బాబాయ్, ఆ డబ్బు ఓసారిలా ఇయ్యి. నాలుగు రోజుల్లో సర్దేత్తాను."

తాతబ్బాయి చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. తలెత్తలేదు. "ఇవాళ తారీఖెంత?"

"ఒకటి."

"నాలుగున రా."

"నా డబ్బు బాబాయ్ అది."

"అవును. అందుకే దాత్తున్నాను."

"సగం ధరకిత్తున్నారు. రేపటికి ఉండదు."

"ఉండదు" అని ఒప్పుకున్నాడు తాతబ్బాయి. "నేను మాత్రం ఉంటాను. నాలుగున రా."

వరహాలు మొహం ఎర్రబడింది. పనివాళ్లందరూ పనులాపి చూస్తున్నారు. యజమానురాలిని నిలబెట్టి కాదన్న మనిషిని ఆ గోడౌనులో ఎవరూ చూడలేదు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది, ఏదో గట్టిగా అనడానికి నోరు తెరిచింది. తెరిచిన నోటినుంచి నవ్వొచ్చింది. ఆపుకోలేక, నవ్వుతూనే చంద్రరావును కేకేసింది.

"ఏవయ్యా, ఆ హోటలాయనకి ఫోన్ చేసి మాకొద్దని చెప్పెయ్. అడిగాను, ఇవ్వనంటున్నాడు."

"ఎవరు, బ్యాంకా?"

"బ్యాంకయితే బతిమాలుకునేదాన్ని" అంది వరహాలు, పీట లాక్కుని తాతబ్బాయి పక్కన కూర్చుని ఒక గుప్పెడు చిక్కుడుకాయలు ఒళ్లో వేసుకుంటూ.

ఆయన వాటిని కూడా లెక్కపెట్టాడు.